బ్రహ్మాజీ పంటి నొప్పి

బ్రహ్మాజీకి సముద్రమంటే భయం. వాళ్ళ పల్లెలో పుట్టినవాడు పైకి అనదగ్గ మాట కాదది. రేపల్లె నుంచి ఆటో ఎక్కి, రొయ్యల చెరువులన్నీ దాటి, ఇక రోడ్డు లేదనుకునే చోట దిగితే వచ్చే పల్లె. తండ్రి గంగరాజుకి ఒక బోటులో వాటా ఉంది. తల్లి రత్తాలు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని రేపల్లె బజారుకి వస్తుంది. కుర్రవాడు హైస్కూల్లో ఉండగా తండ్రి ఒకసారి వేటకి తీసుకెళ్ళాడు. బోటు ఏటి మొగ దాటి సముద్రంలో పడకముందే వాడు వాంతులు మొదలుపెట్టి, మళ్ళీ ఒడ్డు కనబడేదాకా ఆపలేదు. బోటులో ఉన్నవాళ్ళు ఒడ్డుకొచ్చాక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. గంగరాజు మాత్రం ఆ వారంలోనే, మావాణ్ణి పెద్ద చదువులు చదివిస్తానని ప్రకటించాడు. పల్లెంతా గంగరాజు ముందుచూపుని మెచ్చుకుంది.

అలా బ్రహ్మాజీ బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాంలో చేరి, హాస్టల్లో పడ్డాడు. అక్కడున్న వాళ్ళంతా కొల్లిపర, వేమూరు, పొన్నూరు వైపు రైతుల పిల్లలు. వాళ్ళకి సముద్రం అంటే ఆదివారం సూర్యలంక వెళ్ళి మోకాలి లోతులో ఫొటో దిగడం. బోటు మనిషి కొడుకు అనగానే వాళ్ళ కళ్ళకి బ్రహ్మాజీ తుపానుల్లో ఈదుకుంటూ వచ్చినవాడిలా కనిపించాడు. అతను కాదనలేదు. అవుననీ అనలేదు. తక్కువ మాట్లాడే మనిషికి ధైర్యవంతుడన్న పేరు దానంతటదే వస్తుంది.

దానికి తోడు మొదటి ఏడాదిలోనే బాత్రూములోకి పాము వచ్చింది. అందరూ బకెట్లు వదిలేసి పరిగెత్తారు. లోపలి మూలన ఉన్న బ్రహ్మాజీకి కాళ్ళు కదల్లేదు. పాము పడగ విప్పింది, ఇతను కన్నార్పడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి పాముకే విసుగొచ్చినట్టుంది, తూములోంచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ హాస్టల్లో ఏది చెయ్యాలన్నా, ఏది మానాలన్నా, బ్రహ్మాజీ ఏం చేస్తున్నాడో ఒకసారి చూసి చెయ్యడం అలవాటైపోయింది. ఆ అలవాటు సంగతి తెలియనిది బ్రహ్మాజీ ఒక్కడికే. అతనేమో అందరూ ఏం చేస్తున్నారో చూసి చేసేవాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో బ్రహ్మాజీ ఇంటి దగ్గరే ఉన్నాడు. మేనమామకి ఊపిరాడకపోతే గుంటూరు తీసుకెళ్ళడానికి ఆటో మాట్లాడారు. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది బ్రహ్మాజీయే. తెనాలి రాకముందే ఆ తల బరువెక్కిపోయింది. ఆ బరువు తొడల మీద నుంచి దిగక, చాలా రోజులు అతను కూర్చోగానే లేచి నిలబడేవాడు.

ఆగస్టులో కాలేజీలు తెరిచారు. రత్తాలు కొడుకు సంచిలో గుడ్డ మాస్కులు, శానిటైజరు సీసాలు, మిరియాలు శొంఠి దంచిన పొడి సర్ది పంపింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూసి, మాస్కుంటేనే లోపలికి వదిలాడు. బ్రహ్మాజీకి ప్రాణం కుదుటపడింది. మెట్లెక్కి వరండాలోకి వచ్చేసరికి జశ్వంత్ కనిపించాడు. కొల్లిపర కుర్రవాడు, అక్కడ అరటి తోటలున్న బసవేశ్వరరావు గారి అబ్బాయి, హాస్టల్లో నలుగురి చేతా మాట వినిపించుకునేవాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

"ఏంటి బ్రహ్మాజీ, నువ్వు కూడానా?" అన్నాడు జశ్వంత్.

మామూలుగానే అన్నాడు. కానీ ఆ 'కూడానా' అన్న దగ్గర బ్రహ్మాజీ చెయ్యి దానంతటదే ముఖం మీదకి వెళ్ళి మాస్కు లాగేసింది. గేటు దగ్గర అడిగారని పెట్టుకున్నానని చెప్పి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల మీద తన అడుగుల చప్పుడు వినేదాకా జశ్వంత్ మాస్కు కూడా ముక్కు మీదే ఉందన్న సంగతి తెలియడానికి ఇంకా నెలన్నర పట్టింది.

నలుగురితో నారాయణ అన్నారు. హాస్టల్లో ఆ నలుగురూ ఎవరో తెలియకపోయినా నారాయణ మాత్రం గట్టిగా వినిపిస్తోంది. మాస్కు చొక్కా జేబులో అంచు కనబడేలా పెట్టుకోవడం పద్ధతి. ముక్కుకి పెట్టుకున్నవాణ్ణి పెళ్ళికూతురు అన్నారు. చేతులు కడుక్కోవాలనుకున్నవాడు పెన్ను కారిందని చెప్పి కడుక్కునేవాడు. మాస్కు మరిచిపోయి బయటికెళ్ళినవాడు గేటు బయట నుంచి ఈల వేస్తే, పై అంతస్తు కిటికీలోంచి ఒక నీలం మాస్కు రాయికి చుట్టి విసిరేవాళ్ళు. వాడు అది కట్టుకుని గేటు దాటి లోపలికొచ్చి, తర్వాతి వాడికోసం మళ్ళీ పైకి పంపేవాడు. ఆ నీలం మాస్కు అసలు ఎవరిదో ఎవరికీ తెలియదు. దాన్ని ఉతికినట్టు కూడా ఎవరూ చెప్పుకోలేదు. అది చేతులు మారడం కిటికీలోంచి చూసిన రోజు బ్రహ్మాజీకి అన్నం సయించలేదు.

అప్పుడతనికి పంటి నొప్పి వచ్చింది. వచ్చింది అనడం కంటే తెచ్చుకున్నాడు అనడం న్యాయం. ఒక ఉదయం తువ్వాలు తీసుకుని ముక్కు దగ్గర నుంచి గడ్డం దాకా బిగించి కట్టుకుని మెస్సుకి వచ్చాడు. పన్నుకి ముక్కెందుకు కట్టావని ఎవరో అడిగారు. పై పన్ను, నొప్పి ముక్కు దాకా లాగుతోందన్నాడు. మనిషి నొప్పిలో ఉన్నాడని పక్కన కూర్చోకుండా చోటు వదిలారు. కంచం గదికి తీసుకెళ్ళి తింటానంటే సరేనన్నారు. బ్రహ్మాజీకి ఇంత సులువుగా ఇంత సుఖం ఎన్నడూ దొరకలేదు.

కానీ వాళ్ళు మంచివాళ్ళు. అదే వచ్చిన చిక్కు. ఒకడు లవంగాలు తెచ్చాడు. ఇంకొకడు ఉప్పునీళ్ళు కాచి ఇచ్చి, పుక్కిలించేదాకా ఎదురుగా నిలబడ్డాడు. పాముకే బెదరనివాడు పన్నుకి ఇంత విలవిల్లాడుతున్నాడంటే అది మామూలు నొప్పి కాదని జశ్వంత్ తేల్చాడు. అతనూ, బ్రహ్మాజీ గదిలో ఉండే అజయ్ బాబూ కలిసి బ్రహ్మాజీని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బజారులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరు ఏ పన్ను అని అడిగాడు. ఈ ప్రశ్నకి బ్రహ్మాజీ సిద్ధపడి రాలేదు. నోరు తెరిచి వేలు ఎటో చూపించాడు. డాక్టరు చిన్న సుత్తితో తట్టి, ఇది రాయిలా ఉందన్నాడు. పక్కదా అన్నాడు. బ్రహ్మాజీ తలూపాడు. అదీ రాయిలాగే ఉంది. చివరికి డాక్టరు ఇంకా లోపలికి దీపం పెట్టి చూసి, వెనకాల జ్ఞాన దంతం కాస్త వంకరగా ఉంది, ఇవాళ కాకపోతే రేపైనా ఇబ్బందే అన్నాడు.

"తీసేయండి సార్. మావాడు దేనికీ భయపడడు," అన్నాడు జశ్వంత్.

నాకు కరోనా అంటే భయం, అందుకే గుడ్డ కట్టుకున్నాను అని చెబితే ఆ పన్ను దక్కేది. బ్రహ్మాజీ ఆ మాట నాలుక దాకా తెచ్చుకున్నాడు కూడా. నాలుక మీద అప్పటికే మత్తుమందు ఉంది. పన్ను వచ్చేసింది. నోట్లో దూదితో, మళ్ళీ ఇద్దరి మధ్యా కూర్చుని హాస్టలుకి వస్తుంటే అతనికి ఏడుపు రావలసింది, కానీ ఏదో సంతోషంగా ఉంది. వారం రోజులు గాలి తగలకుండా ముఖానికి గుడ్డ కట్టుకోమని డాక్టరు అందరి ముందూ చెప్పాడు.

ఆ వారంలోనే అజయ్ బాబుకి పన్ను నొప్పి వచ్చింది. తువ్వాలు కట్టాడు. తర్వాత ఎదురు గదిలో ఇద్దరికి వచ్చింది. వినాయక చవితి నాటికి మెస్సులో సగం ముఖాలకి తువ్వాళ్ళున్నాయి. ఎరుపు గళ్ళవి, నీలం గళ్ళవి, ఒకడిదైతే అమ్మవారి గుడిలో పెట్టిన జాకెట్టు ముక్క. అందరి కంటే చివర జశ్వంత్‌కి దవడ వాచిందన్నారు. ఆ వాపుని చూసినవాళ్ళు లేరు, దాని మీద తువ్వాలుంది కాబట్టి.

ఇదంతా తన వల్లనేనని బ్రహ్మాజీకి తట్టలేదు. తను కట్టింది అబద్ధపు తువ్వాలు, వాళ్ళవి నిజం తువ్వాళ్ళు అని నమ్మాడు. నమ్మి హడలిపోయాడు. ఇంతమందికి ఒకేసారి పళ్ళు నొప్పెడుతున్నాయంటే ఇది కరోనాలో కొత్త రకమేమోనని తల్లికి ఫోన్ చేసి, మన పల్లెలో ఎవరికైనా పళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడిగాడు. మీ నాయనమ్మకి పళ్ళే లేవు కదరా అంది రత్తాలు. ఆ రాత్రికి బ్రహ్మాజీకి నిజంగానే పన్ను నొప్పి పుట్టింది, అదీ పీకించుకున్న చోట.

వార్డెను పూర్ణచంద్రరావు పిల్లల మంచి కోరే మనిషి. నీళ్ళలో ఏదో ఉందని ట్యాంకు కడిగించారు. మెస్సులో చెగోడీలు ఆపించారు. పెరట్లో జామచెట్టుకున్న పచ్చికాయలన్నీ కోయించి పారేయించారు. అయినా తువ్వాళ్ళు పెరుగుతూనే ఉంటే, ఒకరోజు మెస్సులో నిలబడి, రేపు దంత వైద్య శిబిరం పెడుతున్నానని చెప్పారు. అందరూ హాల్లో వరసగా, పక్కపక్కన కూర్చుని నోళ్ళు తెరిచి ఉంచాలి. డాక్టరు గారు ఒకరి తర్వాత ఒకరిని చూసుకుంటూ వస్తారు. దుమ్ము పడకుండా తలుపులు కిటికీలు మూయిస్తామన్నారు.

మర్నాడు తెల్లారేసరికి హాస్టల్లో ఒక్కడికి పన్ను నొప్పి లేదు. డాక్టరు వచ్చి, కాఫీ తాగి, వచ్చినందుకు ఒక్కొక్కరికీ చిన్న పేస్టు ట్యూబు ఇచ్చి వెళ్ళాడు. ట్యాంకు కడిగించడం వల్ల గుణం కనిపించిందని వార్డెను ప్రిన్సిపాల్ గారికి చెప్పుకున్నారు.

తువ్వాళ్ళు పోయాక ముఖాలన్నీ మళ్ళీ బయటపడ్డాయి. ఆ రోజుల్లోనే వార్డు సచివాలయం నర్సు ఐసు పెట్టె పట్టుకుని హాస్టలు గేటు దాకా వచ్చింది. పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళు టీకా వేయించుకోవచ్చంది. అందరూ వరండాలో నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. బ్రహ్మాజీ కుడి కాలు ఒక అంగుళం ముందుకి వెళ్ళిన మాట నిజం. అంతలో జశ్వంత్, బ్రహ్మాజీ వేయించుకుంటే మేమూ వేయించుకుంటాం అని నవ్వాడు. అది వెటకారమనుకుని బ్రహ్మాజీ నవ్వాడు. బ్రహ్మాజీ నవ్వాడని అందరూ నవ్వారు. నర్సు కాసేపు చూసి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ పెట్టె గేటు దాటుతుంటే బ్రహ్మాజీకి మేనమామ తల మళ్ళీ ఒళ్ళోకి వచ్చినట్టయింది.

సాయంత్రం అతను వంటగదిలోకి వెళ్ళాడు. వంట చేసే రిబ్కా దగ్గర కూర్చుని ఉల్లిపాయలు వలవడం మొదలుపెట్టాడు. ఉల్లిపాయల దగ్గర కళ్ళనీళ్ళకి ఎవరూ కారణం అడగరు. రిబ్కా అడిగింది. అతను చెప్పేశాడు. ఎవరికీ తెలియకుండా టీకా ఎక్కడైనా దొరుకుతుందా అన్నాడు. బాపట్లలో మేష్టార్లు కనబడతారు. తెనాలి నిండా హాస్టలు వాళ్ళ చుట్టాలే. రేపల్లెలో అమ్మ తట్ట దించుకుని కూర్చునేది ఆసుపత్రి రోడ్డులోనే.

"కొల్లూరు పో నాయనా. అక్కడ ఆసుపత్రిలో మా చెల్లెలుంది. ఆదివారం వేస్తన్నారంట. నిన్నెరిగినోళ్ళు అక్కడెవరుంటారు?" అంది రిబ్కా.

ఎవరికీ చెప్పొద్దని బ్రహ్మాజీ బతిమాలాడు. చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేసింది, చెప్పలేదు కూడా. ఆ వారంలో ఇంకా చాలామంది వంటగదిలోకి వచ్చి ఉల్లిపాయలు వలిచారు. ఒక్కొక్కరికీ విడివిడిగా అదే ఊరు, అదే ఆదివారం చెప్పి, ఒక్కొక్కరికీ విడివిడిగా ఒట్టు వేసింది. ఒట్టు తప్పకూడదు కాబట్టి ఒకడి సంగతి ఇంకొకడికి ఎలా చెబుతుంది?

ఆదివారం సెలవు చీటీలకి వార్డెను గది ముందు వరస కట్టారు. ఇంటి దగ్గర కొత్త వల దించుతున్నారని బ్రహ్మాజీ చెప్పాడు. జశ్వంత్‌కి అరటి గెలలు కోయించే పని పడింది. అజయ్ బాబు మామ్మ పోయింది. ఆవిడ అంతకుముందే రెండుసార్లు పోయింది, కానీ వార్డెను జాలిపడి చీటీ ఇచ్చేశారు.

బాపట్లలో పొద్దున్నే రైలెక్కిన బ్రహ్మాజీ పెట్టెలో ఒక మూల కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళ దాకా మాస్కు, కనుబొమ్మల దాకా టోపీ. పెట్టె అవతలి మూల ఇంకో టోపీ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. మధ్యలో మూడో టోపీ పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. తెనాలిలో దిగి కొల్లూరు బస్సెక్కితే బస్సు నిండా టోపీలే. అతను వెనక్కి తిరగలేదు. తిరిగితే తన ముఖం కనబడిపోతుందని భయం. కొల్లూరులో దిగాక బండి మీద అరటిపళ్ళు కొన్నాడు. ఆ బండి చుట్టూ ఆరేడుగురు ఒకరికొకరు వీపులు పెట్టి నిలబడి పళ్ళు తిన్నారు. అక్కడి నుంచి ఆసుపత్రికి ఒకడి వెనక ఒకడు నడిచారు. ముందున్నవాడు వెనకవాడు వెంటాడుతున్నాడని వేగం పెంచాడు. ముందువాడు దారి ఎరిగినవాడని వెనకవాడూ పెంచాడు. ఆసుపత్రి చేరేసరికి అందరూ దాదాపు పరిగెడుతున్నారు.

వరసలో నిలబడ్డాక ఇక తల ఎత్తక తప్పలేదు. ముందున్నవాడి కాళ్ళకి జశ్వంత్ చెప్పులున్నాయి. ఆ చెప్పులు బ్రహ్మాజీ ఎన్నోసార్లు అడిగి వేసుకున్నవే. వెనక నిలబడ్డవాడు అజయ్ బాబు దగ్గే దగ్గాడు. వరస పొడుగునా చూసుకుంటే మెస్సులో కూర్చున్నట్టే ఉంది, కాకపోతే అందరికీ ముక్కులు మూసి ఉన్నాయి. తేలు కుట్టిన దొంగల్లా ఒక్కడూ నోరు విప్పలేదు.

రిబ్కా చెల్లెలు ఆధార్ కార్డులు చూస్తూ, ఏ కాలేజీ అని ఒక్కొక్కరినీ అడుగుతూ, నువ్వూ ఆ కాలేజీయే, నువ్వూ ఆ కాలేజీయే, ఇంతమంది కలిసి వచ్చారా అంది.

"లేదండి. విడిగా వచ్చానండి," అన్నాడు జశ్వంత్.

"వెనక బాబు తెలుసా?"

"తెలియదండి."

ఆమె అజయ్ బాబుని కూడా అడిగింది. అతను బ్రహ్మాజీని కింద నుంచి పైదాకా చూసి, ఎప్పుడూ చూడలేదండి అన్నాడు. మూడేళ్ళుగా ఒకే గదిలో ఉంటూ, ఒకే దుప్పటి పంచుకున్నవాడు అలా అనేసరికి బ్రహ్మాజీకి కాస్త మనసు చివుక్కుమంది. అయినా తననడిగినప్పుడు తనూ అదే చెప్పాడు.

సూది గుచ్చేటప్పుడు అతను కిటికీలోంచి కృష్ణ కరకట్ట వైపు చూశాడు. నొప్పి తెలియలేదు. అరగంట కూర్చోమన్న గదిలోకి నడిచి వెళ్ళి, కుర్చీ దగ్గర ఆగి, కూర్చోబోయి, కుర్చీ పక్కన నేల మీద పడిపోయాడు.

కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఇరవై ముఖాలున్నాయి. మాస్కులన్నీ గడ్డాల కిందకి దిగిపోయాయి. ఒకడు టోపీతో విసురుతున్నాడు. అజయ్ బాబు పాదాలు రుద్దుతూ, ఒరేయ్ బ్రహ్మాజీ, ఒరేయ్ బ్రహ్మాజీ అని ఏడుస్తున్నాడు. రిబ్కా చెల్లెలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, తెలియదన్నారుగా అంది. ముందు మాస్కులు పైకి లాక్కోండంది.

మంచినీళ్ళు తాగాక కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ముందు జశ్వంత్ మొదలుపెట్టాడు. "నువ్వు వేయించుకుంటే మేమూ వేయించుకుంటామని ఆ రోజు చెప్పాగా మావా. నువ్వేమో నవ్వావు."

"ముందు నువ్వు నవ్వావు."

"నేను భయమేసి నవ్వాను."

బ్రహ్మాజీ గ్లాసు కింద పెట్టాడు. తనకి కరోనా అంటే మొదటి రోజు నుంచీ భయమని చెప్పాడు. మామయ్య సంగతి చెప్పాడు. పన్ను బాగానే ఉందని చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం తెలియక, "నాకు సముద్రమన్నా భయమే. బోటెక్కితే వాంతులు," అన్నాడు.

అజయ్ బాబు మెల్లగా, మరి ఆ పాము అన్నాడు. కాళ్ళు కదల్లేదురా అన్నాడు బ్రహ్మాజీ. జశ్వంత్ అటూ ఇటూ చూసి దగ్గరికి వంగాడు. "మిగతావన్నీ సరే. పాము సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు," అన్నాడు.

ఇంత మాట్లాడుకున్నవాళ్ళు కలిసి ఒక బస్సులో వెళ్ళొచ్చు కదా. వెళ్ళలేదు. వచ్చినట్టే విడివిడిగా, వెనకా ముందూ బస్సుల్లో వెళ్ళి, హాస్టలుకి ఒక్కొక్కరుగా చేరారు. వల బాగా దిగిందన్నాడు బ్రహ్మాజీ. గెలలు బాగా పలికాయన్నాడు జశ్వంత్. రాత్రి భోజనాల దగ్గర మాస్కులన్నీ మళ్ళీ జేబుల్లోనే ఉన్నాయి.

సోమవారం ఎవరూ లేవలేదు. అందరికీ జ్వరం. వార్డెను గది గదికీ తిరిగారు. ఒకడు దినాల్లో గారెలు ఎక్కువయ్యాయన్నాడు. ఒకడు లంక తోటల్లో ఎండ దెబ్బన్నాడు. అన్ని గదుల్లోనూ అందరూ కుడి పక్కకే తిరిగి పడుకున్నారు, ఒక్కడు కూడా ఎడమ పక్కకి తిరగడం లేదు. అది చూసి పూర్ణచంద్రరావు గారికి చెమటలు పట్టాయి. హాస్టలంతా కరోనా సోకింది, ఎడమ ఊపిరితిత్తి పోయింది అనుకున్నారు. అందరినీ వరండాలోకి పిలిచి, గేట్లు మూయిస్తున్నానని, సెమినార్ హాల్లో ఉంచి పరీక్షలు చేయిస్తామని, ఇళ్ళకి ఫోన్లు చేస్తున్నానని చెప్పారు.

అందరూ బ్రహ్మాజీ వైపు చూశారు. ఈసారి ఆ చూపులు అతనికి కనిపించాయి. వెనక్కి తిరిగి చూశాడు, వెనక గోడ ఉంది.

"సార్, మాకు కరోనా రాలేదండి. టీకా వేయించుకున్నామండి. అందరం."

"ఎక్కడయ్యా?"

"కొల్లూరులోనండి."

"కొల్లూరేంటి? మన గేటు దగ్గరికి తెచ్చి ఇస్తామంటే వద్దన్నారుగా."

"అప్పుడు సిగ్గేసిందండి. భయపడతన్నామని తెలిసిపోద్దని."

పూర్ణచంద్రరావు గారు అక్కడున్న బల్ల మీద కూర్చున్నారు. కోప్పడతారనుకున్నారు. ఆయనేమో, మరి ఆ పళ్ళు అన్నారు. నా ఒక్కడిదే పీకించుకున్నానండి అన్నాడు బ్రహ్మాజీ. ఆయన లేచి, ట్యాంకు సంగతి ప్రిన్సిపాల్ గారి దగ్గర ఎత్తొద్దని అందరికీ చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజుతో హాస్టల్లో భయానికి అనుమతి దొరికింది. దొరకడమే ఆలస్యం, కట్ట తెగింది. వారం తిరిగేసరికి ముక్కు బయటపెట్టినవాడితో మాట్లాడేవాళ్ళు లేరు. జశ్వంత్ రెండు మాస్కులు పెట్టాడు, కాబట్టి అందరూ రెండు పెట్టారు. ఒకడు మూడు పెట్టి హాజరు పలకబోతే మాట బయటికి రాక ఆబ్సెంటు పడింది. సెల్‌ఫోన్లకి పాలిథీన్ సంచులు తొడిగారు. ఇడ్లీ మీద శానిటైజరు కొట్టుకున్నవాడికి వాంతులైతే, జాగ్రత్తపరుడని మెచ్చుకున్నారు. ఒక్క మాస్కుతో తిరుగుతున్నవాడు బ్రహ్మాజీ. అతనికి అది చాలనిపించింది, ఆటో ఎక్కించకముందు మేనమామని చూసిన డాక్టరు చెప్పింది కూడా అంతే. అది చూసి, సముద్రం వాడు కదా, వాడికి లెక్కలేదు అని చెప్పుకున్నారు. రెండు రోజులు విని, మూడో రోజు బ్రహ్మాజీ కూడా రెండో మాస్కు తగిలించుకున్నాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తండ్రి వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని దారం అందించాడు. నాన్నా, నాకు సముద్రమంటే భయం అన్నాడు. కొల్లూరులో ఒకసారి అన్నాక ఆ మాటకి బరువు తగ్గింది. గంగరాజు ముడి వేస్తూనే, "తెలుసులేరా. ఆ రోజు బోటు కడిగింది నేనేగా," అన్నాడు. సాయంత్రం వలని ఇద్దరూ మోసుకెళ్ళారు. బ్రహ్మాజీ తడి ఇసుక దాకా వెళ్ళి ఆగిపోతే, తండ్రి అక్కడి నుంచి ఒక్కడే లాక్కుపోయాడు.

శీతాకాలంలో రెండో డోసు వచ్చింది. ఈసారి ఎవరూ దాచలేదు. హాస్టలు ఎదురుగా ఉన్న సచివాలయంలోనే వేస్తున్నారు. అయినా జశ్వంత్ వ్యాను మాట్లాడాడు. అందరూ పాటలు పాడుకుంటూ కొల్లూరు వెళ్ళి వేయించుకొచ్చారు. మొదటిది అక్కడ వేయించుకున్నాం కదా అన్నారు. కొత్తగా చేరిన జూనియర్లు కూడా, మొదటిది ఎక్కడా వేయించుకోనివాళ్ళు, ఆ వ్యానే ఎక్కారు.

డిగ్రీ అయ్యాక బ్రహ్మాజీ రేపల్లెలో రొయ్యల మేత అమ్మే కొట్టులో చేరాడు. పెనుమూడి దాకా ఉన్న చెరువుల వాళ్ళంతా అక్కడికే వస్తారు. బిల్లులు రాయడం, బస్తాలు లోడు చేయించడం అతని పని. ఆ ఏడు బూస్టరు వేస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం రిబ్కా ఫోన్ చేసింది. కొల్లూరు నుంచి చెల్లెలు గొడవ చేస్తోందట, బాపట్లలో సూదులు లేవా అక్కా, ఈ పిల్లలందరినీ నా మీదకి తోలతావేంటని. రిబ్కా జూనియర్లని అడిగితే, కొల్లూరు టీకా వేరే అక్కా, కృష్ణ ఒడ్డున వేస్తే బాగా పనిచేస్తుందని సీనియర్లు అప్పట్నించీ అక్కడికే పోతున్నారు అన్నారట.

బ్రహ్మాజీ ఫోన్ పెట్టేసి, బస్తాల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కొట్టులో ఉన్న పెనుమూడి రైతు ఒకాయన ఏంటి సంగతని అడిగాడు. బ్రహ్మాజీ మొదటి నుంచీ అంతా చెప్పాడు, తువ్వాళ్ళు, టోపీలు, తెలియదండి అనడాలు, అన్నీ. పాముని కూడా దాచలేదు. ఆయన ఎక్కడా నవ్వకుండా శ్రద్ధగా విన్నాడు. విని, కాసేపు ఆలోచించాడు.

"అది కాదు బాబూ, అంత దూరం నుంచి అంతమంది పోతన్నారంటే ఏదో ఉండే ఉంటది. మా అమ్మాయికి ఇంకా వేయించలేదు. కొల్లూరులో ఏ పక్కనో చెప్పు," అన్నాడు.

బ్రహ్మాజీ ఆయన మేత బస్తాలు ఆటోలో వేయించి, కొల్లూరు బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాడు.